పలక మీద వరసలు

ముజీబ్‌కు పుస్తకాలు కంఠతా వచ్చు. కోపం ఆపుకోవడం మాత్రం రాదు.

ఏడాదిగా సూఫీ గురువు షా సాహెబ్ మఠంలో ఉంటున్నాడు. ఊడుస్తాడు, నీళ్లు మోస్తాడు. గురువు అతని చేతిని తన చేతిలోకి తీసుకున్న రోజే శిష్యుడైనట్టు. ఆ రోజు ఇంకా రాలేదు.

ఒక గురువారం హెడ్ కానిస్టేబుల్ నరసింహులు వచ్చాడు. షా సాహెబ్ అతని చేతిని పట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చున్నారు.

అతను వెళ్లగానే ముజీబ్ అన్నాడు, "ఊరేగింపులో మా వీపుల మీద లాఠీ ఆడించిన చెయ్యి అది, హజ్రత్."

"వెచ్చగానే ఉంది."

"లోకంలో రెండే పక్షాలు. కొట్టేవాళ్లు, దెబ్బలు తినేవాళ్లు. మధ్యలో నిలబడ్డవాడు కూడా కొట్టేవాడి వైపే."

"ఎవరు ఎటో చూడగానే చెప్పగలవా?"

"చెప్పగలను."

షా సాహెబ్ అతన్ని వరండాలోని పెద్ద గాజుతొట్టె దగ్గరికి తీసుకెళ్లారు. అందులో సిక్లిడ్ జాతి ఏంజెల్ చేపలు. వెండి ఒంటి మీద నల్ల చారలు, తెరచాపల్లాంటి రెక్కలు. అన్నీ ఒకేలా ఉన్నాయి.

"మగదేదో ఆడదేదో చూసి ఒక జంట కలుపు. అప్పుడు నీ చెయ్యి పట్టుకుంటాను."

ముజీబ్ పుస్తకం తెచ్చి చదివాడు. నుదురు ఉబ్బి, మీద మీదకు పోయేది మగది. సన్నగా, వెనక్కి తగ్గేది ఆడది. ఆ లెక్కన రెండింటిని ఏరి చిన్న తొట్టెలో వేశాడు. తెల్లారేసరికి సన్నదాని రెక్కలు చీలికలై వేలాడుతున్నాయి. ఇంకో రెండింటిని వేసి చూశాడు. అవి చెరో మూలకు చేరి, ఒకదాని మొహం ఒకటి చూడలేదు.

"పుస్తకం తప్పు కాదు, హజ్రత్. ఈ చేపలకే చైతన్యం లేదు."

షా సాహెబ్ నవ్వలేదు. గాయపడ్డదాన్ని విడిగా ఉంచి, మిగతావాటిని మళ్లీ పెద్ద తొట్టెలో వదిలారు. పిల్లలు రాసుకునే, చట్రం ఊడిన రాతిపలక ఒకటి కడిగి, లోపల మూలకు ఆనించి నిలబెట్టారు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"మేత వెయ్యి. నీళ్లు మార్చు. పేర్లు పెట్టకు."

కొన్నాళ్లకు రెండు చేపలు ఆ పలక దగ్గరే ఉండిపోయాయి. వేరే చేప అటు వస్తే తరిమేస్తున్నాయి. రెండూ కలిసి మూతులతో పలకను అంగుళం అంగుళం శుభ్రం చేస్తున్నాయి. ఆ రెండూ మగవని ముజీబ్ ఎప్పుడో తేల్చేశాడు. ఒకటైతే ఆ రాత్రి రెక్కలు చీల్చిన రౌడీ. అయినా మేత వేశాడు.

మరో గురువారం, ఎండ వరండాలోకి వాలే వేళ, ఆ రౌడీ చేప పలకకు పొట్ట ఆనించి మెల్లగా పైకి జరిగింది. అది జరిగిన దారంతా ఆవగింజలకన్నా చిన్న గుడ్లు, తేనె రంగులో, ఒకే వరసగా. రెండోది అదే వరస వెంట, అంతే మెల్లగా జరిగింది. మళ్లీ మొదటిది. వరస పక్కన వరస. రాసే చెయ్యి కనబడదు. పలక మాత్రం నిండుతోంది.

ముజీబ్ మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. ఏ పుస్తకంలోని ఏ వాక్యమూ గుర్తు రాలేదు.

నీళ్ల మీద ఎవరిదో నీడ పడింది. చేపలు బెదిరి ఆగాయి. ముజీబ్ వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచి, వెనకున్న మనిషి చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు.

"కూర్చోండి. నీడ పడుతోంది."

పట్టుకున్నాక కనబడింది, ఖాకీ చొక్కా. వదల్లేదు.

నరసింహులు గొంతు తగ్గించి అడిగాడు, "ఇందులో తల్లేది, నాయనా?"

"ముందు జరిగేది. దాన్నే మగదన్నాను."

షా సాహెబ్ చప్పుడు కాకుండా వచ్చి, వాళ్ల పక్కన నేల మీద కూర్చున్నారు. ఆ రెండు చేతుల మీద తన చెయ్యి పెట్టి, తొట్టె వైపు చూడసాగారు.