నేరేడుపండు వెనక కొండ

అనగనగా పనసచెట్లు ఎక్కువ, పంచాయితీలు ఇంకా ఎక్కువ ఉన్న ఒక అడవిలో, కొండ కింద గుబురన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. అతడి ప్రాణస్నేహితుడు ముళ్ళప్ప అనే ఏదుపంది. నిరుటి వానల్లో గుబురన్న గోతిలో పడితే, ముళ్ళప్ప రాత్రీ పగలూ మట్టి తవ్వి, దారి చేసి, పైకి తెచ్చాడు.

ఆ ముళ్ళప్పే ఒకరోజు గుబురన్న దాచుకున్న పనసపండులోంచి ఒక తొన తిన్నాడు. అడక్కుండా తిన్నాడు. ఒకే ఒక్క తొన.

గుబురన్నకు ఒళ్ళు మండింది. "నీ మొహం చూడను. ఏరు దాటి వేరే అడవికి పోతున్నా," అన్నాడు.

ముళ్ళప్ప "తప్పయింది బావా" అన్నాడు. తర్వాత దుంపలు తవ్వి తెచ్చి ముందు పెట్టాడు. ఆ తర్వాత దారికి అడ్డంగా కూర్చుని ఏడ్చాడు. దాటి వెళ్దామంటే ముళ్ళు కదా, గుబురన్న చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు.

నేరేడుచెట్టు కిందికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం చీకటి పడసాగింది. ఆకుల సందుల్లోంచి నేలమీద పడే గుండ్రటి వెలుగుచుక్కలు కొడవళ్ళలా వంకర తిరిగాయి. కాసేపటికి అవీ లేవు. గుబురన్న తల పైకెత్తబోయాడు.

"సూర్యుణ్ణి ఎవరో మింగేశారు!" అని అరిచాడు.

"ఎవరూ మింగలేదు. తల పైకెత్తకు, కళ్ళు పోతాయి," అంది చెట్టు కింద ఉన్న ముసలి తాబేలు. "మనకూ సూర్యుడికీ మధ్య చంద్రుడు అడ్డం వచ్చాడు. దీన్నే సూర్యగ్రహణం అంటారు."

"చంద్రుడు అంత పెద్దవాడా అవ్వా?"

"కాదు నాయనా. సూర్యుడి ముందు చంద్రుడు నలుసు. కాకపోతే మనకు దగ్గర. కాస్త వెలుగు రానీ, చూపిస్తా."

మెల్లగా వెలుగొచ్చింది. తాబేలు ఒక నేరేడుపండు అందించింది. "నువ్వొచ్చిన దారివైపు తిరుగు. ఒక కన్ను మూసి, రెండో కంటికి పండు ఆనించు. మీ కొండ కనిపిస్తోందా?"

"లేదు."

"కొండ ఎక్కడికైనా పోయిందా?"

"పోలేదు. పండే మరీ దగ్గరగా ఉంది."

గుబురన్న పండును పక్కకు తీశాడు. కొండ కనిపించింది. దాని కింద దారిలో, "బావా, చీకట్లో ఎక్కడ పడ్డావో!" అంటూ పరుగున వస్తున్న ముళ్ళప్ప కనిపించాడు. గుబురన్నకు గొయ్యి గుర్తొచ్చింది. చాలా సిగ్గేసింది.

ఎదురెళ్ళి కావలించుకోబోయి, ముళ్ళు చూసి ఆగాడు. నేరేడుపండు అతడి చేతిలో పెట్టాడు.

"తిను బావా. ఇకమీదట అడగక్కర్లేదు," అన్నాడు.

నీతి: చిన్న తప్పును కంటికి ఆనించుకుంటే పెద్ద మేలు కూడా కనిపించదు.