పాయలమ్మ కురులు విప్పిన కథ

నల్లమల వాలు దిగి మొగిలికోన పొలిమేరకు వచ్చిన భక్తులకు ముందుగా కనిపించేది గుడి కాదు. కొండ మీది తోపు నుంచి పొలాల మధ్యగా కిందికి దిగివచ్చే పచ్చని చెట్ల బారులు. బలుసు, పరికి, కలివి, తంగేడు, అక్కడక్కడ ఒక చండ్ర చెట్టు. బండి పట్టేంత వెడల్పున ఒక్కో బారు చేలను విడదీస్తూ వాగు దాకా సాగుతుంది. వీటిని ఇక్కడివాళ్లు పాయలంటారు. తోపులో కొలువైన తల్లి పాయలమ్మ. నిలువెత్తు నల్లరాతి మూర్తి. తల మీద కొప్పు లేదు, కిరీటం లేదు. కురులు పాయలు పాయలుగా భుజాల మీదుగా పాదాల దాకా జారి ఉంటాయి. గుడికి ప్రహరీ కూడా లేదు. కట్టిస్తామని దాతలు అడుగుతూనే ఉంటారు. ఊరివాళ్లు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, ఎందుకు వద్దో చెప్పి పంపుతారు. ఆ చెప్పేది ఈ కథే.

పూర్వం ఇక్కడి అమ్మవారిని కొండమ్మ అనేవారు. ఆ రోజుల్లో ఊరిపెద్ద బసిరెడ్డి. ఆయన చెల్లెలి కూతురు ఓబులక్క. కోతలయ్యాక తల్లి ఆమెను ఏటా మొగిలికోనకు, అవ్వ దగ్గరికి తీసుకొచ్చేది. బండి వాగు దగ్గరే ఆగేది. అక్కణ్నుంచి పాయ వెంబడే నడక. ఎండ మొహాన పడకుండా ఊరు చేరవచ్చు. అవ్వ దారి పొడుగునా పరికి పండ్లు కోసి పిల్ల ఒడి నింపేది. ఒక చండ్ర చెట్టు తొర్రలో తేనెటీగల హోరు వినిపించేది. పిల్ల అక్కడే ఆగిపోయేది.

"అమ్మోరు గొణుక్కుంటాంది. మనల్ని కాదులే, రా" అనేది అవ్వ.

ఓబులక్కకు మేనమామ ఊరంటే ఆ నీడ, ఆ పండ్ల వగరు, ఆ హోరు. ఆయన కొడుకు మద్దిలేటితో పెళ్లి కుదిరినప్పుడు ఆమె సంబరపడింది సగం ఆ దారి కోసమే.

అయితే అవ్వ పోయాక, పెళ్లికి ముందే ఊళ్లో ఒక మార్పు జరిగింది. ఒక్కో చేను పక్కన ఒక్కో పాయ ఉండటంతో నాగలి నాలుగు అడుగులకే తిప్పుకోవాల్సి వచ్చేది. గట్టు తగాదాలు తెగేవి కావు. బసిరెడ్డి ఆలోచించాడు. పాయల రూపంలో చెల్లాచెదురుగా ఉన్న అమ్మవారి భాగమంతా కొండ మీద ఒక్కచోటికి చేర్చి ఇస్తే సరి, అమ్మకు పెద్ద తోపు అవుతుంది, మనకు చదునైన చేలు అవుతాయి అనుకున్నాడు. భక్తి తక్కువై చేసిన పని కాదిది. పాయల కొలతకు మించి ఇంకో చెక్క నేల కలిపే ఇచ్చారు. తోపు చుట్టూ రాతిగోడ కట్టారు. పాయలు కొట్టేసి దున్నారు.

కొత్త కోడలి బండి ఈసారి ఆగకుండా ఊళ్లోకి వచ్చింది. ఓబులక్క ఎండలో కళ్లు చికిలించి చూసింది.

"పాయలు యాడ పోయినాయి మామా?"

"యాడికి పోతాయమ్మా, పైకి చేర్చినాం. చూసినావా, చేలు ఎట్ల తళతళమంటాండాయో" అన్నాడు బసిరెడ్డి గర్వంగా.

మొగిలికోన బతుకు గుమ్మడి మీద. ఆ యేడు తీగలు బాగా పాకాయి. పొద్దున్నే చేనంతా దీపాలు పెట్టినట్టు పూసింది. కానీ పిందెలు గోలికాయంతై, పసుపెక్కి, రాలిపోయాయి. దోస అంతే, బీర అంతే. మరుసటి యేడూ అదే వరస. సంతకు బండ్లు కదలలేదు. ఊరు కారణం వెతుక్కుంది, దొరికింది. పంట రాలడం, కోడలు రావడం ఒక్కసారే కదా!

"నా ఒళ్లో ఆడిన పిల్ల, దాన్నేమనేది? కానీ ఊరి నోరు నేను మూయలేను" అంది అత్త చెన్నమ్మ. మూయడానికి ఆమె పెద్దగా ప్రయత్నించనూ లేదు. ఈ కారు పంట కూడా రాలితే ఓబులక్కను పుట్టింటికి పంపేయాలని ఊరి చావిడిలో పెద్దలు తేల్చారు. తోబుట్టువు బిడ్డను తానే గడప దాటించాల్సి వస్తుందని బసిరెడ్డికి అన్నం సయించలేదు. మద్దిలేటి తల ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం ఓబులక్క కొండెక్కింది. గోడ లోపల తోపు తేనెటీగలతో హోరెత్తిపోతోంది. ఎవరూ విత్తకుండానే గోడ మీదికి ఎగబాకిన గుమ్మడితీగ ఒకటి కాయల బరువుకు వంగి ఉంది. అదే విత్తనం, అదే వాన. ఆమె గోడకు చేరగిలబడి చూస్తూ చూస్తూ కునుకు తీసింది. కలలో ఒక పెద్దముత్తైదువ, పుట్టంత కొప్పుతో, మెడ తిప్పలేక కూర్చుని ఉంది.

"మీ మామ నా కురులన్నీ గుంజి కొప్పు పెట్టినాడే. అందంగానే ఉంది. కానీ మీ చేలకు అందలేకపోతాండా. పాయలు విప్పు."

ఓబులక్క నేరుగా చావిడికి వెళ్లింది. ఆడపిల్ల చావిడి ఎక్కడమేమిటని ఎవరో గొణిగారు. ఆమె దిగలేదు. కల చెప్పింది, గోడ మీది తీగ సంగతి చెప్పింది.

"అమ్మోరికి ఏం తక్కువ చేసినాం?" అన్నాడు బసిరెడ్డి. "కొలిచి, పైన కలిపి ఇచ్చినాం గదా."

"తక్కువని నేననలేదు మామా. యాడిచ్చినారనేదే నా మాట. ఇంట్లో దీపాలన్నీ దేవుడింట్లో పెట్టి, వంటింట్లో చీకటని ఏడిస్తే ఎట్ల? తేనెటీగ వాలితేనే పిందె నిలిచేది, అది పిట్టంత దూరం ఎగరదు. నీడ లేక, పూత లేక, ఇంత బయలు దాటి అది మన చేనికెందుకొస్తుంది? నన్ను పంపించేయండి, పోతా. నా వెనకాల పిందె నిలుస్తుందా? నిలుస్తుందని ఎవరన్నా ఒట్టేయండి."

బసిరెడ్డి లేచి కోడలి వైపు తిరిగాడు. "ముందు మన చేన్లోనే విప్పు."

చెట్లు పెరగడానికి ఏళ్లు పడుతుంది, ఆమెకున్నది ఒక్క కారు. గోడకు గండి కొట్టించి, అక్కణ్నుంచి మామ చేను నడుమగా జనుము చల్లింది. దాని మధ్య తంగేడు గింజలు, బలుసు మొక్కలు నాటింది. కోడలి మాటకు చేను చీల్చుకున్నాడని నవ్వినవాళ్లు నవ్వారు. వానలకు జనుము ఎదిగి పసుపుపచ్చగా పూసింది. ఒక పొద్దున చెన్నమ్మ గట్టు మీద నిలబడి చూస్తోంది. గండిలోంచి తుమ్మెదలు, తేనెటీగలు పూత వెంబడే కిందికి దిగుతున్నాయి. దిగినవి దిగినట్టే గుమ్మడిపూలలో దూరుతున్నాయి.

ఆ పాయకు రెండు వైపులా పిందె నిలిచింది. దూరపు చేలల్లో మామూలుగానే రాలింది. ఇక ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. "మా చేన్లో యాడ విప్పాలమ్మా?" అని ఒక్కొక్కరే వచ్చి ఓబులక్కను అడిగారు. చెన్నమ్మ మాత్రం ఏమీ అడగలేదు. తొలి కాయ కోసి, కూర వండి, కోడలికి ముందుగా వడ్డించింది.

గోడ పూర్తిగా తీసేసిన రోజున బోయ పూజారి అమ్మవారిని కడిగాడు. ఏళ్ల తరబడి పేరుకున్న పసుపు పెళ్లలుగా ఊడింది. కొప్పు లేదు. కురులు పాదాల దాకా జారి ఉన్నాయి. అవి మొదటి నుంచీ ఉన్నవా, ఆనాడే జారినవా అని వాదించుకునేవాళ్లు నేటికీ ఉన్నారు. ఆ రోజు నుంచి కొండమ్మ పాయలమ్మ అయింది.

ఇప్పటికీ తొలకరి తర్వాత వచ్చే మంగళవారం ఇంటింటివారూ తోపు నుంచి మొక్క తెచ్చి తమ పాయలో నాటుతారు. నాటినవారి చేను నిండుతుందని, ఇల్లు పిల్లాపాపలతో కళకళలాడుతుందని నమ్మకం. పాయలో కత్తి పెట్టరు. కొత్త కోడలిని ఊళ్లోకి రోడ్డు మీదుగా తీసుకురారు. పాయ వెంబడే నడిపించి, అమ్మ దర్శనం చేయించి, ఇంటికి తెస్తారు. ఏ యేడైనా పిందె రాలితే మొగిలికోనలో కోడలి అడుగును ఎవరూ తప్పుపట్టరు. అత్తాకోడళ్లు కలిసి కొండ దాకా నడిచి, పాయ ఎక్కడ తెగిందో చూసి వస్తారు.