చిలక అచ్చు

అనగనగా మేఘవరం అనే రాజ్యం, దానికో రాజు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు జయధరుడు, చిన్నవాడు సుకేతుడు. లోకమంతా చిన్నవాణ్ణే మెచ్చుకునేది. పెద్దవాడికి కడుపు రగిలిపోయేది.

ఏడు సముద్రాల అవతల కుటిలాక్షుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడి కోటనిండా చెక్కడపు పనిచేసిన కొయ్య అచ్చులే. నెమలి అచ్చులు, ఏనుగు అచ్చులు, మనిషంత అచ్చులు. మనిషిని రెండు చెక్కల మధ్య బిగించి మంత్రం చదివితే, విప్పేసరికి పంచదార బొమ్మ. పొరుగు రాజు కూతురు పద్మరేఖను అలాగే బొమ్మను చేశాడు. ఆమెను విడిపించినవాడికే ఇచ్చి పెళ్లి చేస్తానని ఆ రాజు చాటించాడు. అన్నదమ్ములిద్దరూ బయలుదేరారు.

సముద్రంలో చేప సుకేతుడికే దారి చెప్పింది. కొండ మీద గద్ద సుకేతుడినే పలకరించి కోట చూపించింది. కోట గుమ్మంలో చీమలు సుకేతుడి చెవిలోనే రహస్యం చెప్పాయి. మూడుసార్లూ జయధరుడు పక్కనే ఉన్నాడు. మూడుసార్లూ అతనివైపు ఎవరూ చూడలేదు. పళ్లు కొరుక్కున్నాడు.

మాంత్రికుడి ప్రాణం అటక మీది చిలక అచ్చులో ఉందని సుకేతుడు అన్నకు చెప్పి, ముందుగా లోపలికి వెళ్లాడు. మాంత్రికుడు వాణ్ణి ఒడిసిపట్టి అచ్చులో బిగించాడు.

"అన్నా" అని పిలిచాడు సుకేతుడు.

అన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. చెక్కలు విప్పేసరికి తమ్ముడు పంచదార బొమ్మ. అప్పుడు జయధరుడు ఒక్క దూకు దూకి చిలక అచ్చు అందుకున్నాడు. మాంత్రికుడు గడగడ వణికాడు.

"రాకుమారా, దాన్ని పగలగొట్టకు. పద్మరేఖను మనిషిని చేసి ఇస్తాను, తీసుకుపో. నీ తమ్ముడు ఇక్కడే ఉండిపోతాడు. ఎవరికీ తెలియదు."

జయధరుడికి ఊరేగింపు కళ్లముందు కదిలింది. ఇక పొగడడానికి తనొక్కడే. ఎన్నాళ్లుగానో కోరుకున్నది అదే. ఒకసారి తమ్ముడి బొమ్మవైపు చూశాడు. పిలుస్తూ తెరిచిన పెదవులు అలాగే బిగిసిపోయాయి. ఆ ముఖంలో భయం లేదు. అన్న వస్తాడన్న నమ్మకం ఉంది.

అసూయ అప్పుడూ పోలేదు. అయినా అచ్చును నేలకేసి కొట్టాడు. అది ముక్కలైంది, మాంత్రికుడు కూలాడు. బొమ్మలన్నీ మనుషులయ్యాయి.

తిరిగొస్తే జనం మళ్లీ చిన్నవాడికే జేజేలు పలికారు. కాపాడింది అన్న అని వాడు ఎంత చెప్పినా వినలేదు. జయధరుడు వెనక్కి తప్పుకున్నాడు. పద్మరేఖ దండతో అతని దగ్గరికే వచ్చింది.

"బొమ్మగా ఉన్నా అన్నీ చూశాను. మీరు గుమ్మంలో ఆగిపోవడం చూశాను, బేరం విని తటపటాయించడం చూశాను. తర్వాత చేసిందీ చూశాను" అంటూ మెడలో దండ వేసింది.

జయధరుడు తల దించుకుని తమ్ముడికి ఉన్నదంతా చెప్పేశాడు.  సుకేతుడు అన్న తలపాగా సర్ది, చెయ్యి పట్టుకుని పెళ్లిపీటల దాకా నడిపించాడు.

జయధరుడూ పద్మరేఖా చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. ఎవరైనా తమ్ముణ్ణి పొగిడితే రాజుగారికి లోపల చురుక్కుమనేది. అలాంటప్పుడు ఆయన గొంతు సవరించుకుని, వాళ్లకంటే గట్టిగా తనే పొగిడేవాడు.