ఆగ్నేయం మూల వైఫై డబ్బా

అడవి అంచున ఓ పాత బంగళా ఉంది. మనుషులు వదిలేసి పోతే జంతువులు గదులు పంచుకున్నాయి. వంటింట్లో నక్క, నడిమింట్లో ఎద్దు, వరండాలో కోడి, వాయవ్యం గదిలో బాతమ్మ, ఆవిడ కూతురు ముత్యాలు. మాంసం ముట్టనని నక్క అందరి ముందూ ఒట్టేసి, ఇంత బొట్టు పెట్టుకుని వాస్తు సిద్ధాంతి అవతారం ఎత్తింది. పెళ్లి కావలసిన పిల్ల వాయవ్యంలో పడుకుంటే సంబంధం ఇట్టే కుదురుతుందని బాతులకి ఆ గది ఇప్పించింది కూడా అదే.

సంబంధం నిజంగానే వచ్చింది. కొల్లేటి బాతులు, పరువైన కుటుంబం. ఇంత దూరం నడవలేం, పెళ్లిచూపులు వీడియో కాల్‌లో కానిచ్చేద్దాం అన్నారు. ఇంకేం, ఎద్దు పట్నం వెళ్లి వీపు మీద వైఫై డబ్బా మోసుకొచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గర మొదలైంది రభస.

"నడిమింట్లో పెడదాం. ఎవరికీ దూరం కాదు" అంది ఎద్దు నెమరు వేస్తూ.

నక్క చెవులు మూసుకుంది. "శివశివా! నడిమిల్లంటే బ్రహ్మస్థానం. అక్కడ బరువు పెడితే ఇల్లు గుల్లవుతుంది."

"మరి నేను పడుకునేది అక్కడే కదా?"

"నువ్వు జీవివి, అది యంత్రం. శాస్త్రం తెలియకపోతే నోరు మూసుకోవాలి. కరెంటు వస్తువంటే అగ్ని. అగ్ని ఉండాల్సింది ఆగ్నేయంలో!"

"ఆగ్నేయంలో ఉన్నది మీ వంటిల్లే కదండీ?" అంది కోడి.

"నా ఖర్మ! ఏం చేస్తాం, అందరి కోసం భరిస్తాను."

డబ్బా వంటింటి కిటికీ గట్టెక్కింది. అగ్నికి ఎదురుగా జలం ఉండాలంటూ నక్క దాని ముందు గంగాళం నిండా నీళ్లు పెట్టించింది. పాస్‌వర్డ్ 'శుద్ధశాకాహారి' అని పెట్టి అందరికీ ఉదారంగా చెప్పింది. తలుపు గడియ మాత్రం వేసుకుంది.

పొద్దున్నే పెళ్లిచూపులు. ముత్యాలు ముక్కుకి పసుపు రాసుకుని, సిగ్గుపడుతూ ఫోన్ ముందు కూర్చుంది. "మీ పేరేంటండీ?" అన్నాడు పెళ్లికొడుకు. అంతే, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. అటువైపు వాళ్ల ఫోన్లో ముత్యాలు కూడా ఒక కన్ను మూసి బిగుసుకుపోయింది.

"ఇదేం పిల్లండీ, పలకదు ఉలకదు! పైగా మా వాడికి కన్నుకొడుతోంది!" అని కాబోయే అత్తగారి గొంతు ముక్కలుముక్కలుగా వినిపించింది. "సాయంత్రం ఇంకొక్కసారి చూస్తాం. ఇలాగే ఉంటే పులికాట్ సంబంధం ఖాయం చేసుకుంటాం."

బాతమ్మ ఘొల్లుమంది. "నా బిడ్డకి కన్నుకొట్టడం రాదమ్మా!"

"జాతక దోషం" అంది నక్క గది లోపల్నుంచే.

కోడికి ఒళ్లు మండింది. గింజలు ఏరుకుంటూ, ఫోన్ చూసుకుంటూ ఇల్లంతా తిరిగింది. వాయవ్యంలో ఒక్క సిగ్నల్ గీత లేదు. వరండాలో ఒకటి, అదీ ఉందా లేదా అన్నట్టు. పెరట్లోకి వెళ్లి వంటింటి కిటికీ కింద నిలబడేసరికి గీతలన్నీ నిండిపోయాయి! గంగాళం అడ్డం పడి ఇంట్లోకి రావలసిన సిగ్నలంతా గోడ దాటి పోతోందన్నమాట. ఎగిరి లోపలికి చూసింది. నక్క మంచం మీద వెల్లకిలా పడుకుని, ఫోన్లో నాటుకోడి పులుసు వంట చూస్తూ లొట్టలేస్తోంది.

"అల్లం ఇంకొంచెం పడాలి" అంటోంది.

కోడికి ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. తిన్నగా పక్క మామిడితోటకి పరుగెత్తింది. అక్కడి కాపలా కుక్కలకీ నక్కకీ తాతలనాటి పగ.

"కర్రెన్నా, ఉత్త పుణ్యానికి వైఫై కావాలా?" అంది కుక్కల పెద్దతో.

"ఎక్కడ చెల్లెమ్మా?" అంది కర్రికుక్క.

"మా వంటింటి కిటికీ కింద. పాస్‌వర్డ్ శుద్ధశాకాహారి."

"మాకు అంత పథ్యం పనికిరాదే!"

"పాస్‌వర్డే పథ్యం. బొమికల వీడియోలు బోలెడు."

మధ్యాహ్నం దాటేసరికి కిటికీ కింద కుక్కల తిరునాళ్ల! ఒకటి భౌమంటే పది భౌమన్నాయి. ఏమిటా గోలని నక్క తల బయటపెట్టింది. కింద వరసగా ఫోన్లు, వాటి మీద కోరలు! హడలిపోయి వెనక్కి గెంతి గంగాళంలో దభీమని పడింది. బొట్టు కరిగి మూతి మీదికి కారుతుండగా నడిమింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"డబ్బా ఇక్కడ పెట్టండి! ఇప్పుడే, ఇక్కడే!"

"అయ్యో, బ్రహ్మస్థానం కదండీ?" అంది కోడి.

"నేల మీద బరువుండకూడదు గానీ ఎత్తున ఉండొచ్చు! శాస్త్రంలో ఉంది!"

"ఏ శాస్త్రంలో?"

"బతికుంటే రేపు రాస్తాను! ముందు పెట్టండి తల్లీ!"

ఎద్దు వీపెక్కి కోడి డబ్బాని నడిమింటి అటక అంచున, చుట్టూ ఏ అడ్డూ లేకుండా నిలబెట్టింది. దాని యాంటెనా కొమ్ములు రెండూ నిటారుగా సర్దింది. ఇల్లంతా గీతలే గీతలు! బయట కుక్కలకి మాత్రం బొమిక దొరికే ఘట్టంలో వీడియో ఆగిపోయింది. అవి తిట్టుకుంటూ తోటకి పోయాయి.

సాయంత్రం ముత్యాలు రెండు కళ్లూ టపటపలాడిస్తూ తన పేరు చెప్పింది. పెళ్లికొడుకు ఆనందం పట్టలేక నీళ్లలో పల్టీ కొట్టాడు. బాతమ్మ ఏడుస్తూ నవ్వేసింది.

"వెనకాల తడిసి వణుకుతున్నదెవరండీ?" అంది అత్తగారు.

"మా సిద్ధాంతిగారు" అంది కోడి. "శుద్ధ శాకాహారి. పెళ్లిలో పప్పు, పచ్చడి అన్నీ ఆయన చేతి మీదుగానే. పైగా వంటల వీడియోలంటే ప్రాణం!"

నక్క మూతి తుడుచుకుని, దోసకాయలు తరగడానికి కూర్చుంది.

ఇంటి దీపాన్ని నీ మూలకి లాక్కుంటే, సగం వెలుగు గోడవతలి కుక్కలకే.