ఇంజను వెనక సందు

సాలూరులో కూర్మినాయుడనే రైతు ఉండేవాడు. అతని ఒంట్లో ఎంత బలముండేదో మనసులో అంత తొందర ఉండేది. తలుపు గడియ బిగుసుకుంటే తన్నేవాడు. సీసా మూత రాకపోతే గోడకేసి కొట్టేవాడు. "గట్టిగా పట్టు పడితే లొంగనిది ఏముంటుంది?" అనేవాడు. నిజానికి చాలావరకు లొంగేవి కూడా. లొంగనివి విరిగిపోయేవి. విరిగిన ముక్కల్ని అతని భార్య వరహాలమ్మ ఏమీ అనకుండా ఏరి అవతల పారేసేది.

వరహాలమ్మ ఆరోగ్య కేంద్రంలో నర్సు. నెలనెలా కొండ మీది పల్లెలకు వెళ్ళి పసిపిల్లలకు టీకాలు వేసేది. అక్కడికి బస్సు లేదు. వాళ్ళింట్లో ఒక పాత జీపు ఉండేది. మందుల పెట్టెను వెనక సర్దుకుని, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, కూర్మినాయుడే ఆ జీపును ఘాట్ రోడ్డు ఎక్కించేవాడు.

ఆ ఏడు వానలకు ముందు జీపుకు ఒక జబ్బు పట్టుకుంది. చల్లగా ఉన్నంతసేపు బాగానే నడిచేది. ఇంజను వేడెక్కగానే ఉన్నట్టుండి ఆగిపోయేది. చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. ఒకరోజు ఘాట్ మలుపులో అలాగే ఆగి వెనక్కి జారింది. వరహాలమ్మ కిందికి దూకి చక్రం వెనక రాయి పెట్టింది కాబట్టి సరిపోయింది. పక్కనే లోయ.

మెకానిక్ జిలానీ బండిని పరీక్ష చేశాడు. "సెన్సరు పోయింది బాబూ" అన్నాడు.

"అంటే?"

"ఇంజను లోపల పెద్ద చక్రం ఒకటి తిరుగుతుంది. అది ఎంత వేగంగా తిరుగుతోందో, ఏ క్షణానికి ఎక్కడుందో ఆ సెన్సరు కనిపెట్టి చెబుతుంది. అది చెబితేనే డీజిలు పడుతుంది. వేడెక్కితే పాపం దానికి మతి పోతోంది. ఇంజను ఆగిపోతోంది."

"అయితే మార్చెయ్."

"అదే చిక్కు. అది ఇంజను వెనక సందులో ఉంది. మేమైతే గేరుబాక్సు దించి తీస్తాం. కానీ షెడ్డు నిండా బళ్ళున్నాయి, వారం దాకా మీ బండి ముట్టుకోలేను. ఓపికుంటే ఇంటి దగ్గర మీరే మార్చుకోవచ్చు. ఒకటే బోల్టు. కాకపోతే ఇన్నేళ్ళ వేడికి సెన్సరు అక్కడే అతుక్కుపోయి ఉంటుంది. లాగకండి. అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ వదులు చేయండి."

"ఒక్క బోల్టేనా! దానికింత కథ చెప్పావు!" అని నవ్వాడు కూర్మినాయుడు. కొత్త సెన్సరు తీసుకుని ఇంటికి వచ్చేశాడు.

ఎల్లుండే కొండ మీది నేరేడువలసలో టీకాల రోజు. ఆరోగ్య కేంద్రం బండి ఆ రోజు వేరే పల్లెలకు వెళుతోంది. అందుకని ఆ మధ్యాహ్నమే అతను పనిలో దిగాడు. గాలి వడకట్టే డబ్బా విప్పాడు. గొట్టాలు పక్కకు తప్పించాడు. ఇంజనుకూ వెనక రేకుకూ మధ్య ఇరుకు సందు కనబడింది. దాని అడుగున, మసిలో, సెన్సరు నల్లటి తల తొంగిచూస్తోంది. చెయ్యి పెడితే మోచేతి దగ్గర పట్టేసింది. కొబ్బరినూనె రాసుకుని దూర్చాడు. చెయ్యి లోపలికి వెళ్ళగానే సందు మూసుకుపోయి ఇక ఏమీ కనబడలేదు. అప్పుడే అతనికి విసుగు మొదలైంది.

బోల్టు ఊడింది. సెన్సరు మాత్రం కదలలేదు. ఒకసారి లాగాడు. మెటికలు రేకుకు గీసుకుని రక్తం వచ్చింది.

"ఏవండీ, తిప్పమన్నాడు కదా జిలానీ" అంది వరహాలమ్మ.

"తిప్పుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది!" అని పొడుగాటి స్క్రూడ్రైవరు దాని కిందికి దూర్చి, బలమంతా పెట్టి ఎత్తాడు.

పుటుక్కుమంది. సెన్సరు తల, వైరుతో సహా, అతని చేతిలోకి వచ్చేసింది. మొదలు రంధ్రంలోనే ఉండిపోయింది.

ఫోనులో సంగతి విని జిలానీ, "నూనె పోసి రేపటిదాకా నాననివ్వండి బాబూ. సన్న స్క్రూ ఒకటి దాంట్లోకి చేత్తోనే ఎక్కించి మెల్లగా పైకి తియ్యాలి. లోపలికి మాత్రం నెట్టకండి. ఆ ముక్క లోపల పడిందా, ఇంజను తిప్పడానికి వీల్లేదు. గేరుబాక్సు దించాల్సిందే" అన్నాడు.

కూర్మినాయుడు నూనె పోసి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. వరహాలమ్మ కోప్పడలేదు. అతని చేతి గాయం కడిగి మందు రాసింది.

"ఎల్లుండి నేను నడిచి వెళ్తాలెండి" అంది.

"ఆ పెట్టె మోసుకుని కొండెక్కుతావా?"

"పైపల్లెల తల్లులు పిల్లల్ని మోసుకుని అక్కడికి దిగివస్తారు కదా. నేను రాలేదని వాళ్ళని వెనక్కి ఎలా పంపను?"

ఆ మాటకు అతని తల వంగిపోయింది. కాసేపటికి నెమ్మదిగా అడిగాడు. "వరాలూ, పోయినేడు విరేచనాలతో వాడిపోయిన పాప ఒకర్తి వచ్చింది చూడు, సెలైను ఎక్కించడానికి దానికి నరం ఎవరికీ దొరకలేదు. నీకెలా దొరికింది?"

"కళ్ళతో వెతికితే దొరకదండీ. వేలు ఆనించి ఊరుకున్నాను. తొందరపడితే నరం జారిపోతుంది. మనం ఊరుకుంటే అదే వేలికి తగులుతుంది."

మర్నాడు ఉదయం ఇద్దరూ జీపు దగ్గరికి వెళ్ళారు. వరహాలమ్మ టార్చిలైటు పట్టుకుని, చేతి అద్దాన్ని సందులోకి దించింది. అతను స్క్రూ పట్టుకుని చెయ్యి లోపలికి దూర్చాడు. అద్దంలో కుడి ఎడమైంది. అతను ఇటు జరిపితే స్క్రూ అటు జరిగింది. ఇంకాస్త గట్టిగా తోస్తే ముక్క లోపల పడిపోయేదే.

అతను చెయ్యి ఆపాడు. "అద్దం తీసెయ్యి వరాలూ" అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. రంధ్రం అంచు మీద వేలు ఆనించి కదలకుండా ఉండిపోయాడు.

మొదట ఏమీ తెలియలేదు. తర్వాత వేలికింద గుండ్రటి అంచు తెలిసింది. విరిగిన చోట గరుకు తెలిసింది. ఆ గరుకు నడుమ చిన్న గుంట తెలిసింది. నిన్న కనబడక ముద్దగా, మొండిగా అనిపించిన చోటు కొంచెం కొంచెంగా ఒక రూపు కట్టుకుంటోంది. స్క్రూ మొనను ఆ గుంటలో పెట్టి, రెండు వేళ్ళతో తిప్పాడు. అది పట్టుకుంది. కటింగ్ ప్లేయరుతో స్క్రూ తల అందుకుని, అటు వెంట్రుకవాసి, ఇటు వెంట్రుకవాసి కదిపాడు. ఎంతసేపు గడిచిందో అతనికి తెలియలేదు. వీధిలో కూరలబండి వచ్చి వెళ్ళిపోయింది. ఎండ ముంగిట్లోకి పాకింది. భుజం తిమ్మిరెక్కింది. అయినా లాగలేదు.

ఒకానొక క్షణంలో ఆ ముక్క ఇక నాకు పట్టుదల లేదన్నట్టు చేతిలోకి వచ్చేసింది.

కూర్మినాయుడు దాన్ని వెలుతురులోకి తెచ్చి చూశాడు. చింతగింజంత ముక్క, దాని చివర చిన్న అయస్కాంతం. అక్కడ పడి ఉన్న గుండుసూది ఎగిరి వచ్చి దానికి అంటుకుంది. "ఇంతేనా!" అన్నాడు. ఈసారి ఆ మాటలో వెటకారం లేదు.

రంధ్రం ఇప్పుడు ఖాళీగా ఉంది. అతనికి లోపల ఏముందో చూడాలనిపించింది. అద్దమూ టార్చీ తను పట్టుకుని, "వరాలూ, ముందు వైపు ఇంజనును తిప్పే పెద్ద నట్టుకు స్పానరు తగిలించి మెల్లగా తిప్పు" అన్నాడు.

ఆమె తిప్పింది. అద్దంలో ఒక చక్రం అంచు కదిలింది. నూనె తడితో తళతళలాడుతూ పన్ను తర్వాత పన్ను చీకట్లోంచి వచ్చి, వెలుగులో మెరిసి, మళ్ళీ చీకట్లోకి వెళ్ళిపోతోంది. అన్నీ ఒకే కొలత. ఎక్కడా తేడా లేదు. అలా వస్తూ వస్తూ ఉన్నట్టుండి ఒకచోట పన్ను లేదు, ఖాళీ. ఆ వెంటనే మళ్ళీ వరస.

"ఆగు! వెనక్కి తిప్పు. ఇక్కడ పన్ను విరిగింది!" అని కంగారుపడ్డాడు.

జిలానీకి ఫోను చేస్తే అతను నవ్వాడు. "విరగలేదు బాబూ. కావాలనే వదిలారు. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా చక్రం ఒక చుట్టు తిరిగిందని సెన్సరుకు తెలుస్తుంది. అదే దానికి గుర్తు."

కూర్మినాయుడు మళ్ళీ అద్దంలోకి చూశాడు. ఇన్నేళ్ళూ తను స్టీరింగు పట్టుకుని పాటలు పాడుకుంటూ ఘాట్ ఎక్కుతుంటే, ఇక్కడ, ఈ చీకట్లో, ఈ వేడిలో, చింతగింజంత వస్తువు ఒక్కో పంటినీ తాకకుండానే తెలుసుకుంటూ వచ్చింది. కన్ను మూసి తెరిచేలోగా ఎన్నో చుట్లు. వేడికి మతి పోయేదాకా ఒక్క చుట్టు కూడా మరిచిపోలేదు. తను కసిరినప్పుడూ, బానెట్టు మీద గుద్దినప్పుడూ కూడా దాని పని అది చేసుకుపోయింది.

"వరాలూ, ఇటు రా. నువ్వూ చూడు" అన్నాడు గుసగుసగా, గుడి లోపల మాట్లాడినట్టు. ఆమె చూసింది. అతను స్పానరు తిప్పాడు. పళ్ళు మెరుస్తూ సాగిపోయాయి.

కొత్త సెన్సరుకు కాస్త నూనె పూసి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో దారి తెలుసుకుంటూ దింపాడు. అది తన చోట్లో మెత్తగా కూర్చుంది. బోల్టు బిగించి, విప్పినవన్నీ తిరిగి పెట్టి తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. వేడెక్కేదాకా అలాగే ఉంచారు. ఆగలేదు.

మర్నాడు జీపు ఘాట్ ఎక్కింది. వెనక్కి జారిన మలుపు వచ్చినప్పుడు వరహాలమ్మ సీటు అంచు గట్టిగా పట్టుకుంది. ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. మలుపు దాటిపోయింది. కింద లోయలో మబ్బులు కదులుతున్నాయి. కూర్మినాయుడు మాత్రం ఇంజను చప్పుడే వింటున్నాడు. ఎప్పుడూ ఉండే ఆ చప్పుడు అతనికి ఆ రోజు కొత్తగా వినిపించింది.

నేరేడువలస బడి ముందు తల్లులు అప్పటికే పిల్లల్ని చంకనేసుకుని నిలబడి ఉన్నారు. వరహాలమ్మ పెట్టె దించుకుని వెళ్ళింది. కాసేపటికి ఒక పసిపాప గుక్కపట్టి ఏడుస్తుంటే, చేతులు ఖాళీ లేక ఆమె భర్త వైపు చూసింది. అతను వచ్చి ఆ పాపను అందుకున్నాడు. ఊపలేదు, ఊరుకోమని కసరలేదు. వీపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చిన్న గుండె చేతికింద టకటక కొట్టుకుంటూ ఉంది. అది నెమ్మదించేదాకా కదలకుండా అలాగే ఉన్నాడు. పాప ఏడుపు ఆపి నిద్రపోయింది.

నీతి: కన్ను చూడలేని చోట, చెయ్యి సరిగా దూరని చోట బలం చూపితే ఉన్నది విరుగుతుంది, ఓపికతో తడిమి తెలుసుకున్నవాడికే పని నెరవేరుతుంది, అందులోని అద్భుతమూ కనబడుతుంది.