పైడి దాచుకున్న తిండి

రైసు మిల్లు వెనక దొడ్లో తవుడు గుట్ట మీద ఒక కోడిపెట్ట కూర్చుని ఉండేది. పేరు నూకాలు. కూర్చుని ఉండేది అన్నానంటే నిజంగా కూర్చునే ఉండేదన్నమాట. ముక్కు చాస్తే తవుడు, మెడ తిప్పితే నూకలు. ఇక కాలు కదపాల్సిన పనేముంది? తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు అన్న సామెత ఎవరి కోసం పుట్టిందో గానీ నూకాలుకి కొలిచి కుట్టినట్టు సరిపోయేది.

దాని చెల్లెలు పైడి. రెండూ ఒకే తల్లి రెక్కల కింద గుడ్డు పగలగొట్టుకుని వచ్చినవి. అదే దొడ్డి, అదే తవుడు, అవే నూకలు. కానీ పైడి ఈకలు నూనె రాసినట్టు నిగనిగలాడేవి. నూకాలు ఈకలు తడిసిన గోనెసంచిలా వేలాడేవి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. గుడ్డు పెట్టి ఎన్నాళ్ళయిందో దానికే గుర్తు లేదు.

పరాయి కోడి బాగుంటే పోనీలే అనుకోవచ్చు. తోడబుట్టింది బాగుంటే ఎలా ఓర్చుకోవడం? పైడి ఎదురుగా వెళ్ళినప్పుడల్లా నూకాలు కళ్ళల్లో నిప్పులు పోసుకునేది.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది. "ఏమే పైడీ, ఏం తింటున్నావే నువ్వు?"

"నువ్వు తినేదే అక్కా."

"నాకు చెప్పకు! ఈ తవుడుకే ఆ నిగారింపు వస్తుందా?"

"తిని కూర్చోను కదా. దొడ్డంతా కెలుకుతాను, గోడెక్కి దిగుతాను, కాలవ గట్టు దాకా పోయొస్తాను. నువ్వూ రారాదూ?"

"అంతలా తిరిగితే ఒళ్ళు అరిగిపోదటే?"

"అరిగిపోవడానికి ఒళ్ళేమైనా చీపురా? బావి లాంటిది. తోడేకొద్దీ ఊరుతుంది."

"చాల్లే సంబడం!" అని నూకాలు ముక్కు తిప్పుకుంది. చెల్లెలు చెప్పింది నిజమే. కానీ నిజం మరీ చిన్నదిగా ఉంది. అంత పెద్ద కడుపుమంటకి అది ఏ మూలకి?

గోడ కన్నం అవతల ఒక నక్క ఈ మాటలన్నీ విన్నది. పైడి మీద అది ఎన్నోమార్లు దూకి చూసింది, చిక్కితే గదా! నూకాలు చిక్కుతుంది, కానీ గోడ దాటి రాదు. నక్క కన్నంలో తల దూర్చింది.

"ఏం మరదలా, మొహం వేలాడేశావు?"

"అక్కడే ఉండి మాట్లాడు నక్కబావా," అంది నూకాలు. ఎంత కుళ్ళుబోతైనా అది కోడే. ఆ కన్నంలో నక్క తల తప్ప పట్టదని దానికి తెలుసు.

"నీ చెల్లెలి సంగతే. చెబితే బాధపడతావని ఊరుకున్నా గానీ..."

"ఏమిటి? చెప్పు, చెప్పు!"

"కాలవ గట్టున, తుప్పల వెనకాల ఏదో దాచుకుని తింటోంది. ఏమిటో నాకు కనపడలేదు. అటూ ఇటూ చూసి మరీ తింటుంది."

"అనుకున్నా! నేను అప్పుడే అనుకున్నా! నంగనాచి!"

"అన్యాయం చూస్తే నాకు నిద్ర పట్టదు మరదలా, అందుకే చెప్పా." నక్కకి నిద్ర పట్టనిది ఆకలికి. ఎగరలేని, పరుగెత్తలేని బొద్దు కోడి తనంతట తాను తుప్పల దాకా నడిచొస్తే చాలు, ఆ పైన పని తనది.

మర్నాడు పైడి బయల్దేరగానే నూకాలు గుట్ట దిగింది. చెల్లెలి దొంగతనం పట్టుకోవాలి! గేటు దాకా వెళ్ళేసరికి ఊపిరి అందలేదు. వగరుస్తూ వెనక్కొచ్చేసింది. తుప్పల్లో నక్క నిట్టూర్చింది. "ఉట్టికెగరలేనమ్మ... పోనీలే, ఇవాళ కాకపోతే రేపు."

ఆ తర్వాతి రోజు నూకాలు గేటు దాటింది. మరికొన్నాళ్ళకి వడ్లు ఆరబోసే కళ్ళం దాటింది. ఒకసారి పైడి వెనక్కి తిరిగి చూస్తే బస్తాల చాటున అక్క తోక కనపడింది. పైడి లోలోపల నవ్వుకుంది గానీ పైకి ఏమీ అనలేదు. పైగా అటూ ఇటూ దొంగచూపులు చూసి గోడ మీదికి ఎగిరింది.

"పైన దాచిందన్నమాట!" అని నూకాలూ ఎగిరింది. పడింది. మళ్ళీ ఎగిరింది. మళ్ళీ పడింది. పట్టు వదల్లేదు. వానలు వెళ్ళి చలి మొదలయ్యేసరికి గోడెక్కడం దానికి అలవాటైపోయింది.

ఇక్కడ కాస్త ఆగి, దాని ఒంట్లో ఏం జరిగిందో చూద్దాం. మొదట్లో కాళ్ళు పీకాయి. రోజూ నడిచేసరికి ఆ నొప్పులు పోయాయి, ఊపిరి నిడివి పెరిగింది. ఇదివరకు గంప కింద పడుకుని చెల్లెలి తోక తలుచుకుంటూ దొర్లేది. ఇప్పుడు పడుకోవడమే ఆలస్యం, నిద్ర. ఆకలి వేళకి వేస్తోంది, తిన్నది అరుగుతోంది. ఒకరోజు పొద్దున్నే గుడ్డు కూడా పెట్టి దొడ్డంతా దద్దరిల్లేలా అరిచింది. అయినా తన ఈకల వంక ఒక్కసారి తిరిగి చూసుకుంటే గదా! చూపంతా చెల్లెలి ఈకల మీదే.

మరి నక్క? తుప్పల్లో కదలకుండా కాచుక్కూర్చుని దాని కాళ్ళే బిగుసుకుపోయాయి.

చివరికి నూకాలు కాలవ గట్టు చేరింది. తుప్పల వెనకాల గబగబా కెలికింది. ఎండుగడ్డి, రాళ్ళు. "ఏదీ? ఎక్కడ దాచింది?"

"ఇదిగో మరదలా, దాచుకున్న తిండివి నువ్వే!" అంటూ నక్క దూకింది.

నూకాలు కెవ్వుమంది. రెక్కలు టపటపలాడాయి. కళ్ళు తెరిచేసరికి గట్టు మీది వేప కొమ్మపై, ముందే ఎక్కి కూర్చున్న చెల్లెలి పక్కన ఉంది! కింద నక్క నోట్లో తోక ఈకలు నాలుగు. అది దగ్గుతూ అడిగింది, "ఎగరడం ఎప్పుడు నేర్చావే?"

"నేనెక్కడ నేర్చుకున్నా! నువ్వు చెప్పావని దీని వెనకాల తిరిగానంతే."

నక్క నోట్లోంచి ఈకలు జారి కింద పడ్డాయి. పైడి మెడ వంచి చూసింది. "చూశావా బావా, మా అక్కకి గురువు నువ్వే. గురుదక్షిణగా ఆ ఈకలు ఉంచుకో."

నక్క కుంటుకుంటూ ఖాళీ కడుపుతో పోయింది. అది కనుమరుగయ్యాక నూకాలు గుసగుసగా అడిగింది.

"అయితే నువ్వేమీ దాచలేదా?"

"ఒక్కటి దాచాను. నువ్వు వెనకాల వస్తున్నావని నాకు తెలుసన్న సంగతి. రమ్మంటే రాలేదు. దొంగతనం పట్టుకోవడానికైతే గట్టు దాకా వచ్చావు."

నూకాలు ఊడగా మిగిలిన తోక ఈకలు ముక్కుతో సవరించుకుంది. ఆ తర్వాత ఓరగా చూసి అంది, "నీ తోక నా తోకకంటే పొడుగే. ఇప్పుడు మరీనూ!"

"నీదీ పెరుగుతుందిలే. దిగు, నడుద్దాం."

నీతి: ఎదుటివాళ్ళ నిగారింపు చూసి కుళ్ళుకునే పొద్దులో రోజూ నాలుగడుగులు నడిస్తే, ఆ నిగారింపు మన ఒంటికే వస్తుంది.