గుట్ట చుట్టూ కాపలా

"నెత్తళ్ల చేపలు ఎండబెట్టుకునే ఈ ఇసుక దిబ్బ మీ ఆడవాళ్లది. ఇందులో ఒక్క అడుగు కూడా ముట్టుకోం." రెండేళ్ల కింద రేవు కంపెనీ పెద్దమనిషి మైకులో అన్న మాట ఇది. ఈ జనవరిలో దిబ్బ చుట్టూ ముళ్లకంచె లేచింది. కంచె వేయించింది మా మత్స్యకార సంఘం అధ్యక్షుడు ఎర్రయ్య. కంపెనీ అతన్ని కాంట్రాక్టరును చేసింది. పెట్టుబడికి మనిషిని కొనడం ఎంతసేపు పని?

సంఘానికి పాఠాలు చెప్పే దానయ్య మేస్టారు ఎవరితోనూ వాదించరు. తాను చూసిందేదో చెప్పి ఊరుకుంటారు. పదేళ్లుగా జెండా మోసిన నూకరత్నం ఆ రోజు ఆయన ముందు కూలబడింది. కంచె తీసెయ్యాలని కంపెనీకి ఇవ్వాల్సిన నోటీసు ఆమె చేతిలోనే ఉంది, అధ్యక్షుడి సంతకమే లేదు.

"నాయకుడే అటెల్లిపోయాడు. ఇంక మాకెవులున్నారు మేస్టారూ?" అంది.

ఐక్యతే ఆయుధమని నేను అందుకోబోతే మేస్టారు చెయ్యెత్తి ఆపారు.

వయసులో ఉండగా ఆయన దక్షిణాన ఒక చలి సముద్రంలో మునిగి ఓడల అడుగు గీకేవారట. అక్కడొక రాతిగుట్ట దగ్గర రంగురంగుల చేపల గుంపుండేది. నారింజ రంగు ఆడచేపలు ఇరవై, నీలి చారల మగచేప ఒకటి. మగది గుట్ట చుట్టూ కాపలా తిరిగేది. తోటి పనివాళ్లు ఒక పొద్దున దాన్ని ఈటెతో పొడిచి కూర వండుకున్నారు. కాపలా పోయింది కాబట్టి మిగతావి చెదిరి వలలో పడతాయనుకున్నారు. మధ్యాహ్నం వలతో దిగేసరికి, ఆడవాటిలో పెద్దది గుట్ట చుట్టూ తిరుగుతోంది. చొరబడిన పరాయి చేపను తరుముతోంది. ఒక్కటీ గుట్ట విడవలేదు. అన్నీ రాతి సందుల్లోకి దూరాయి, వల ఖాళీగా పైకొచ్చింది.

"మరి దానికి నీలి చారలో?" నూకరత్నం అడిగింది.

"ఆ జాతిలో మగది పోతే పెద్ద ఆడదే మెల్లగా మగదిగా మారుతుంది. చారలు ఎప్పటికో వచ్చాయి. అది వాటికోసం ఆగలేదు."

మర్నాడు పొద్దున రెండు వందల మంది ఆడవాళ్లు నెత్తళ్ల గంపలతో కంచె దగ్గరికి నడిచారు. ముందు నూకరత్నం. ఏ హోదాతో వచ్చావని ఎర్రయ్య అడ్డం నిలబడ్డాడు.

"నెత్తళ్ల కంపే నా హోదా. తప్పుకో బావా."

తప్పుకున్నాడు. ఒక్కో రాటా ఊడింది. మధ్యాహ్నానికి దిబ్బంతా నెత్తళ్లు వెండిలా మెరిశాయి. కంపెనీ ఆఫీసు నోటీసు తీసుకుని, నకలు మీద ముద్ర కొట్టి ఇచ్చింది.

ఆ నకలు మేస్టారు చాలాసేపు చూశారు. అధ్యక్షుడన్న మాట కొట్టేసి, కింద నూకరత్నం సంతకం పెట్టి ఉంది.

"నీలం సిరాతో పెట్టావే," అన్నారు.

నోటీసులో ఆఖరి వాక్యం ఇది: కంచె మళ్లీ వెయ్యబోమని రాతపూర్వకంగా మీ జవాబు మార్చి 31 లోగా మాకు అందాలి.